స్పాన్సరు పేరు

“నా పేరు చెప్పప్పా మైకులో! ఆడ నా కొడుకు బ్యాట్ పట్టుకోని వస్తాండాడు. ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడు చెప్తావు?”

కామెంటరీ బల్ల మీద అరచేత్తో చరిచి అడిగాడు కోదండరామి. సండూరులో ఈ టోర్నమెంటు ఆయనది. కప్పు మీద పేరు ఆయనది. గ్రౌండు పక్క రోడ్డు మీద ఎర్రదుమ్ము లేపుతూ పోతున్న ఖనిజం లారీలూ ఆయనవే.

హొన్నూరుస్వామి మైకును చేత్తో మూశాడు. “చెప్తా సార్. ముందు మీ యోగేశ్‌ను హెల్మెట్ పెట్టుకోమనండి.”

ఒకప్పుడు రంజీ ఆడిన మనిషి. ఇప్పుడు బళ్లారిలో కోచ్, ఇట్లాంటి ఫైనల్స్‌లో కామెంటేటర్. బౌలింగ్ చేస్తున్న గాంధీనగర్ జట్టు ఆయన తయారుచేసిందే. తన జట్టు మ్యాచ్‌కు తనే కామెంటరీ చెప్పడమేంటని ఎవడూ అడగలేదు. అడిగే అలవాటు ఇక్కడ ఎవడికీ లేదు.

“హెల్మెట్ పెడితే వాని మొకం యాడ కనపడతాది? వాళ్లమ్మ ఇంట్లో ఫోన్‌లో లైవ్ చూస్తాండాది.”

“లెదర్ బాల్ సార్. బౌలింగ్ వీరేశ్‌ది. శానా ఫాస్టు.”

“వీరేశా? వాడు మనోడేలేప్పా! వాళ్లన్న మన లారీ కింద పడి సచ్చినప్పుడు వానికి ఆ బూట్లు ఇప్పిచ్చింది నేనే గదా. కేసూ గీసూ లేకుండా అయిపాయె.” కోదండరామి నవ్వాడు. “పొద్దున్నుంచీ చూస్తాండా. నువ్వు నా పేరు చెప్పినప్పుడల్లా వికెట్టు పడతాండాది. అదృష్టం పేరప్పా నాది! ఇప్పుడు చెప్పు, నా కొడుకు సిక్స్ కొడతాడు.”

హొన్నూరుస్వామి మైకు మీంచి చెయ్యి తియ్యలేదు.

అది అదృష్టం కాదు, గుర్తు. మైకులో ‘కోదండరామి ట్రాన్స్‌పోర్ట్’ అని వినపడితే చాలు, వీరేశ్ బంతిని తలకు గురిపెట్టి వేస్తాడు. స్పాన్సరు పేరు చెబితే ఏ అంపైరూ అనుమానపడడు. గురువూ శిష్యుడూ నెట్స్‌లో కూర్చుని పన్నిన దొంగ ఎత్తు ఇది. ఇప్పటిదాకా ఆడినవాళ్లందరికీ తల మీద హెల్మెట్ ఉంది. వీడికి తండ్రి పేరు రాసిన టోపీ ఉంది.

“హెల్మెట్ పెట్టుకుంటే చెప్తా సార్.”

“నా పేరుకూ హెల్మెట్‌కూ ఏం సంబంధమప్పా?”

చెప్పొచ్చు. ఒక్క ముక్క చాలు. కానీ చెబితే మోసం బయటపడుతుంది. కోచింగు పోతుంది, మైకు పోతుంది. నిజం చెప్పే ముందు పేదోడు పొట్ట తడుముకుంటాడు. హొన్నూరుస్వామీ తడుముకున్నాడు.

“నీకు పొగరెక్కువాయె. ఇట్లియ్యి!”

కోదండరామి మైకు లాక్కున్నాడు. అవతల వీరేశ్ బంతిని ప్యాంటుకు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు.

“చూడండప్పా! మా యోగేశ్ బ్యాటింగ్‌కు వచ్చినాడు! కోదండరామి ట్రాన్స్‌పోర్ట్! కోదండరామి ట్రాన్స్‌పోర్ట్!”

వీరేశ్ పరుగు అందుకున్నాడు.

“వద్దురా వీరేశా!” హొన్నూరుస్వామి అరుపు లౌడ్‌స్పీకర్ల మోతలో కలిసిపోయింది.

బంతి పిచ్ మీద పడి లేచింది. టోపీ ఒకవైపు పడింది, యోగేశ్ ఒకవైపు పడ్డాడు. మైకు ఇంకా తండ్రి చేతిలోనే ఉంది. ఆయన కేక సండూరంతా విన్నది.

హొన్నూరుస్వామి పరుగెత్తాడు. యోగేశ్ చెవిలోంచి కారిన నెత్తురు ఎర్రమట్టిలో ఇంకిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు లేదు.

వీరేశ్ ఉన్నచోటే నిలబడ్డాడు. హొన్నూరుస్వామి వాడి భుజాలు పట్టుకుని ఏడ్చాడు.

“నీ తప్పు గాదురా, నాది. ఆ గుర్తు పెట్టింది నేను. కానీ ఇప్పుడు చెప్పింది నేను గాదు, ఆయప్ప మైకు గుంజుకున్నాడు. అంత దూరంలో ఉండేటోనివి, నీకెట్ల తెలుస్తాది...”

వీరేశ్ వంగి బూట్లు విప్పాడు. రెండూ తెచ్చి ఆ టోపీ పక్కన పెట్టాడు.

“గొంతు మీది గాదని తెలిసే ఏసినా సార్.”