తాళం తీసిన బీరువాలు

"ఇది లైబ్రరీ. అవి పుస్తకాలు. చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోకూడదు."

ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకి జ్ఞానదాసు మాస్టారు చేసిన పరిచయం అంతే. గాజువాక దగ్గరి ఆ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా లైబ్రరీకి ఆయనే ఇన్‌చార్జి. ఇన్నేళ్లలో ఒక్క పుస్తకం పోలేదు. పోవడానికి, ఆయన ఎవరికైనా ఇస్తే కదా!

కానీ ఆ ఏడు, అంటే ఎనభై మూడులో, కొత్త హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి వచ్చీరాగానే బీరువాల తాళాలు తీయించారు. వారానికో లైబ్రరీ పీరియడు పెట్టారు. పిల్లలే తీసుకుని చదివి, పిల్లలే మళ్లీ సర్దాలట. ఆ మాట విన్నప్పటి నుంచి జ్ఞానదాసుకి అన్నం సయించడం లేదు.

"ఏవైనా అడగాలా?" అన్నారు, ఎవరూ అడగరన్న ధైర్యంతో.

వెనక వరసలో ఓ పిల్ల లేచింది. పేరు నాగమణి. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చినవాళ్ల కాలనీ నుంచి వస్తోంది. కాలనీ పిల్లలంటే ఆయనకి ముందు నుంచీ కాస్త చులకన.

"మాస్టారూ, పుస్తకాలు ఎన్నాళ్లకోపాలి లెక్కెడతారు?"

"ఏం?"

"రాత్రేళ తాళం ఎవుల దగ్గరుంటాది? వానొస్తే కారతాదా? ఈ బిల్డింగు ఎన్నాళ్లుంటాది?"

పిల్లలు గొల్లుమన్నారు. జ్ఞానదాసుకి నవ్వు రాలేదు.

"అవన్నీ నీకెందుకే?"

"ఊరికినే మాస్టారూ," అని కూర్చుంది.

ఊరికే ఎవరడుగుతారు ఇలాంటివి! బొమ్మల పుస్తకాలున్నాయా అని అడిగిన పిల్లల్ని ఆయన చూశారు. తాళం సంగతి అడిగిన పిల్లని చూడడం ఇదే మొదలు. ఆ రోజే ఆ పిల్ల మీద ఓ కన్నేసి ఉంచారు.

కన్నేసిన కొద్దీ అనుమానం బలపడింది. మిగతా పిల్లలు సంచులు క్లాసులో వదిలేసి వస్తారు. నాగమణి సంచి తగిలించుకునే వస్తుంది. అందరూ కథల బీరువా దగ్గర తోసుకుంటుంటే, ఎవరికీ పట్టని మూల బీరువా దగ్గరికి వెళ్లి, వీపు ఇటు పెట్టి కూర్చుంటుంది. ఆయన దగ్గితే ఉలిక్కిపడుతుంది.

అటెండరు అసిరమ్మని గుమ్మంలో కాపలా పెట్టారు. పీరియడు అయ్యాక అందర్నీ పంపేసి, నాగమణి సంచి బోర్లించమన్నారు. రెండు నోటుబుక్కులు, ఖాళీ టిఫిను డబ్బా.

"ఏటీ నేదు బాబూ," అంది అసిరమ్మ. "పాపం, సిన్నపిల్ల."

"అయితే కిటికీలోంచి ఎవరికో అందిస్తోందన్న మాట."

కిటికీకి ఇనప జాలీ కొట్టించారు. మరుసటి వారమూ సంచి వెతికించారు. ఏమీ లేదు. ఆ పై వారమూ అంతే. దసరా వెళ్లింది. దీపావళి దగ్గరపడింది. ఇక ఆగలేక హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారు.

"నా లైబ్రరీలో దొంగతనం జరుగుతోందండీ."

"ఎన్ని పోయాయి?"

"అది తెలీదండి."

"మరి లెక్క చూడండి మాస్టారూ," అన్నారు శ్రీరామ్మూర్తి విసుగ్గా. "శనివారం నేనూ కూర్చుంటాను. తేడా వస్తే ఆ పిల్లకి టీసీ ఇచ్చి పంపేద్దాం."

ఆ సంగతి నాగమణికి ఆయనే చెప్పారు, మొహం ఎలా మారుతుందో చూద్దామని. మారడమేమిటి, ఆ పిల్ల ఏడ్చేసింది.

"నాను ఏటీ తియ్యనేదు మాస్టారూ, ఒట్టు! కావాలంటే ఇంక లైబ్రరీకి రాను. లెక్క మాత్రం ఎట్టకండి మాస్టారూ!"

ఏమీ తీయకపోతే లెక్కంటే భయమెందుకు? జ్ఞానదాసుకి ఇక సందేహం లేదు. అయినా ఇంటికి వెళుతుంటే మనసు కలుక్కుమంది. టీసీ చేతిలో పెడితే ఆడపిల్లని ఇంకో స్కూల్లో ఎవరు వేస్తారు? మర్నాడే కూలిపనికి పంపేస్తారు. కానీ ఇరవై రెండేళ్ల పేరు ఏమైపోవాలి? మనసు గట్టి చేసుకున్నారు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టారు. అసిరమ్మ ఒక్కో పుస్తకం దులిపి అందిస్తుంటే, జ్ఞానదాసు దాని నంబరు చూసి రిజిస్టరులో టిక్కు పెడుతూ వచ్చారు. వరండాలో నాగమణి నిలబడింది. పక్కన, ఆ పూట కూలి మానుకుని వచ్చిన తండ్రి పోలిరాజు. ఇద్దరూ తలెత్తడం లేదు.

మూల బీరువా దగ్గరికి వచ్చేసరికి జ్ఞానదాసు పెన్ను మాటిమాటికీ ఆగింది. మూడు గంటలకి పని అయింది. ఆయన మరోసారి కూడి చూసుకున్నారు.

"తేడా ఉందా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఉందండి. ముప్పై మూడు."

"ముప్పై మూడా!" శ్రీరామ్మూర్తి టీసీ పుస్తకం ముందుకి లాక్కున్నారు.

జ్ఞానదాసు పక్కన పేర్చి ఉన్న దొంతరలోంచి ఓ పుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచి, ఆయన ముందు పెట్టారు.

రిజిస్టరులో ఉన్నవి ఒక్కటీ పోలేదు. ఎక్కువ తేలిన ఆ ముప్పై మూడింటి మీదా, స్టీల్ ప్లాంటు కోసం నిరుడు ఖాళీ చేయించి కూల్చేసిన నాగమణి వాళ్ల ఊరి గ్రంథాలయం ముద్ర ఉంది.