మామ్మ నేర్చుకున్న వాక్యం

“ఈ ఉప్పు డబ్బా మీకు కావాలి. నన్నడగండి మామ్మగారూ,” అంది టీచరు, బల్ల మీది డబ్బాను తనవైపు లాక్కుంటూ.

“ఇట్ మీ గివ్.”

“మన భాషలో అయితే అలాగే. ఇంగ్లీషులో పని ముందు రావాలి. గివ్. తర్వాత వస్తువు. ఇట్. ఎవరికో అన్నది చివర. టు మీ.”

మామ్మ ఆ మాటల్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది. “అంటే ఆఖరిదాకా వింటేగానీ ఎవరికిస్తున్నారో తెలీదన్నమాట.”

“అంతే.”

“గడుసు భాషే.”

టీచరు నవ్వి డబ్బా ఇచ్చేసింది. ఆమె ఈ పరాయి దేశంలో, లైబ్రరీలో సాయంత్రం పూట ఇంగ్లీషు క్లాసులు చెప్పుకునే తెలుగు పిల్ల. మామ్మ కొడుకు ఆమెను ఇంటికి పిలిపించి అప్పగించిన పని ఒక్కటే. భార్యతో విడిపోయిన అతను, ఐదేళ్ళ పిడుగుని తనకే అప్పగించమని కోర్టుకెక్కాడు. పిడుగంటే కొడుకే, అందరూ పిలిచే పేరది. తనేమో పొద్దస్తమానం గోడౌన్‌లో ఉంటాడు, పిల్లాణ్ణి చూసుకునేది మామ్మ. అందుకని జడ్జి మామ్మను కూడా అడుగుతారట. అప్పుడావిడ “లీవ్ హిమ్ విత్ మీ” అనాలి. వాణ్ణి నా దగ్గర ఉంచండి అని.

కోర్టువాళ్ళు దుబాసీని ఇస్తారు కదా అంటే అతను ఒప్పుకోలేదు. “మధ్యలో వాడు దూరితే మా అమ్మ కన్నీళ్ళకి తడి ఉండదండీ. ఆవిడ నోటితోనే రావాలి.”

తీరా చూస్తే మామ్మకు ఆ ఒక్క వాక్యంతో తృప్తి కలగలేదు. ఆవిడ చాలా ఏళ్ళు కుట్టుమిషను మీద బతికిన మనిషి.

“ఊరికే బట్టీ పడితే కంగారులో జారిపోతుంది తల్లీ. ఏ ముక్క ఎక్కడ అతికిందో చెప్పు.”

టీచరు ఓపిగ్గా చెప్పింది. ఇవ్వడానికి ‘టు’ తగులుకుంటుంది, తీసుకోవడానికి ‘ఫ్రమ్’, ఎవరి దగ్గరైనా ఉంచడానికి ‘విత్’. దాని వెనక మనిషిని బట్టి మాట మారుతుంది. నా దగ్గరైతే ‘మీ’, అతని దగ్గరైతే ‘హిమ్’, ఆమె దగ్గరైతే ‘హర్’.

“ఒక్కో క్రియకీ ఒక్కో తోకన్నమాట. ఒకదాని తోక ఇంకోదానికి పెడితే?”

“అతకదు.”

“మా కోడలికీ నాకూ లాగా.”

ఆ ఊసెత్తితే మామ్మకు పట్టపగ్గాలుండవు. కోడలు తడి తువ్వాలు తెచ్చి మంచం మీదే పడేసేది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసొచ్చి పగలు ముసుగుతన్ని పడుకునేది. నోరారా అత్తయ్యా అని పిలిచిన పాపాన పోలేదు. టీచరు ఊకొట్టింది. ఇంత కడుపుమంట ఉన్న మనిషికి ఆ వాక్యం దానంతటదే వస్తుందిలే అనుకుంది.

ఇద్దరే ఉన్నంతసేపూ నిజంగానే గడగడా వచ్చేది. వీధి తలుపు చప్పుడైతే మాత్రం మామ్మ బల్ల అంచునున్న గ్లాసును లోపలికి జరిపి, నేర్చుకున్నదంతా మరిచిపోయేది.

ఆ సాయంత్రం కొడుకు తాళాలు బల్ల మీద పడేసి ఎదురుగా నించున్నాడు. “ఏదీ, చెప్పమ్మా.”

“లీవ్ మీ విత్ హిమ్.”

“అలా అంటే మిమ్మల్ని వాడి దగ్గర ఉంచమని, మామ్మగారూ,” అంటూ టీచరు సర్దబోయింది.

అతను అరచేత్తో బల్లను చరిచాడు. “నాలుగు ముక్కలమ్మా. నాలుగంటే నాలుగు. రేపు కోర్టులో ఇలాగే వాగావంటే వాడు మనకి దక్కడు.”

పక్కగదిలో బొమ్మకారు చక్రాల చప్పుడు టక్కున ఆగిపోయింది. అతను అటు చూసి గొంతు తగ్గించాడు.

“చూశారా టీచరుగారూ. వాళ్ళమ్మ దగ్గరున్నప్పుడు ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇక్కడికొచ్చాక ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలీదు. పెంపకమంటే అదీ.” ఆ గర్వం అంతలోనే కరిగి, అతని కళ్ళు చెమర్చాయి. “వాడు లేకపోతే ఈ ఇంట్లో నేనుండలేనండీ.”

అతను లోపలికి వెళ్ళాక మామ్మ లేచి, పిల్లాడున్న పక్కగదిలోకి తొంగి చూసి వచ్చి కూర్చుంది.

“రేపు మా వాడు నా ఎదురుగానే ఉంటాడు కదూ?”

“ఉంటారు మామ్మగారూ.”

“అయితే ఇంకోసారి మొదట్నించీ చెప్పించు తల్లీ. నేను రేపు తప్పు చెబితే పిల్లాడి బతుకు తప్పుదారి పడుతుంది.”

టీచరుకి ఆవిడ మీద జాలేసింది. మనవడంటే ఎంత ప్రాణమో అనుకుని, చీకటి పడేదాకా కూర్చుని చెప్పించింది.

మర్నాడు కోర్టు గదిలో జడ్జి కళ్ళజోడు తీసి మామ్మను ఏదో అడిగింది. పిల్లవాడు ఎక్కడుంటే మంచిదని మీ ఉద్దేశం అని కోర్టు పెట్టిన దుబాసీ తెలుగులో చెప్పాడు. జవాబు కూడా తనే అందుకోబోతే మామ్మ చేత్తో వారించి లేచి నించుంది. కొడుకు కుర్చీ అంచుకు జరిగాడు. అవతలి పక్క కోడలు, ఆస్పత్రి బట్టలైనా మార్చుకోకుండా వచ్చి, తల వంచుకుని కూర్చునుంది. వెనక వరసలో టీచరు పెదవులు తనకు తెలియకుండానే కదులుతున్నాయి.

“లీవ్ హిమ్,” అంది మామ్మ. అక్కడే ఆగింది.



“విత్ మీ అనమ్మా, విత్ మీ,” అని కొడుకు పళ్ళ బిగువున అందించాడు.

మామ్మ అతని వైపు చూడలేదు.

కోడలి వైపు వేలు చూపించి, “విత్ హర్,” అంది.