బోర్లించిన గ్లాసు

పైలట్ లేకుండా, ఎండతోనే నెలల తరబడి ఆకాశంలో తిరిగే యుద్ధవిమానాలు వచ్చాక, గాలిలోనే వేరే విమానాలకు ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలతో పని లేకుండా పోయింది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ట్యాంకర్ల స్థావరాన్ని ఏం చేయాలా అని క్యాంటీన్‌లో సమావేశం పెట్టారు. మూసెయ్యమని అందరూ చేతులెత్తారు, టీ కాచే హుస్సేన్‌బీ తప్ప.

ట్యాంకర్ ఎక్కబోయే పైలట్ తన గ్లాసు బోర్లించి వెళ్లడం, దిగొచ్చాక తన చేత్తోనే తిప్పి టీ పోయించుకోవడం అక్కడి ఆనవాయితీ. వేరెవరూ దాన్ని ముట్టరు. కిటికీ పక్కన ఒక గ్లాసు మాత్రం ఏళ్ల తరబడి బోర్లించే ఉంది. అది హుస్సేన్‌బీ కూతురు షాహీన్‌ది. ఆ పిల్ల నడిపిన ట్యాంకర్ సముద్రం మీదికి వెళ్లి మళ్లీ రాలేదు.

“మూసేస్తే మా పిల్ల ఎక్కడ దిగుద్ది సార్?” అంది హుస్సేన్‌బీ.

కమాండర్ రఘోత్తమ్ తల దించుకున్నాడు. “ఇప్పటి విమానాలు కిందికే దిగవు గదమ్మా. ఇంకా ఎవరి కోసమని ఆగమంటావు?”

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ గ్లాసు తిప్పి, కొంగుతో తుడిచి, నిండా టీ పోసింది.

“మా పిల్ల దిగింది సార్,” అంది. “ఇంక మూసెయ్యండి.”