ఎవరికీ చెప్పని చోటు

“నేరుగా పాక దగ్గరికే వచ్చారంటరా. ఎవర్నీ దారి కూడా అడగలేదంట,” అన్నాడు అహరోను.

టీ గ్లాసు పట్టుకుని ఎలీషా తల దించుకున్నాడు.

ఇద్దరూ ఏలూరులో యాప్‌లో కార్లు తిప్పుకునే డ్రైవర్లు. ఒకే ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకుని, ఒకరికొకరు హామీ సంతకాలు పెట్టుకున్నారు. బేరాలు తగ్గి ఇద్దరికీ వాయిదాలు తప్పాయి. చీటీ డబ్బులు చేతికొచ్చేదాకా కారు వాళ్ల కంట పడకుండా ఉంటే చాలని, గణపవరం దగ్గర ఎలీషా మేనమామ చేపల చెరువు గట్టున, మేత బస్తాలు వేసే పాకలో అహరోను తన కారు దాచాడు. జీపీఎస్ పీకి పారేసింది ఎలీషానే. ఈ పొద్దున నలుగురొచ్చి, పరదా లాగి కారు పట్టుకుపోయారు. ఇక ఇల్లు గడిచే దారి లేదు.

“మీ మావయ్యకి అప్పు సంగతే తెలీదు. ఆ చోటు నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?”

“మీ అమ్మగారికి కూడా తెలుసు కదరా.”

“మా అమ్మనంటావా? నా కారు కోసం మూడు రోజులుగా ఉపవాసం ఉంటోంది ఆవిడ.”

“ఆవిడ్నేమీ అనట్లేదురా.”

“ఆచూకీ చెబితే పదివేలిస్తారంట. నిన్ననే నువ్వొక వాయిదా కట్టావు. ఎక్కడివిరా ఆ డబ్బులు?”

“మా ఆవిడ జ్యోత్స్న గాజులు కుదువ పెట్టాను.”

“నువ్వు చెప్పడం, నేను నమ్మడం.”

ఎలీషా గ్లాసు కింద పెట్టి లేచాడు. “బాధలో ఉన్నావు. రేపు మాట్లాడుకుందాం,” అనేసి వెళ్లిపోయాడు.

రేపటిదాకా ఆగే ఓపిక ఎవరికుంది? ఇరవై ఏళ్లు ఒకే కంచంలో తిన్నవాడు గొంతు కోస్తే కడుపు మండదా? తాడేపల్లిగూడెం బ్రాంచి నుంచి ఈ మధ్యే ఏలూరు ఫైనాన్సు ఆఫీసుకి మారిన విజయ్ కుమార్‌కి అహరోను ఫోన్ చేశాడు.

“ఎలీషా ఇంకా రెండు వాయిదాలు బాకీ కదండీ. వాడి కారు నల్లజర్లలో వాళ్లక్కగారింటి వెనకాల దాచాడండి.”

“థాంక్స్ బ్రదర్. మీ పేరు బయటికి రాదు లెండి.”

“నా కారు సంగతి మీకెవరు చెప్పారండీ?”

“అవి చెప్పకూడదు బ్రదర్.”

సాయంత్రం ఎలీషా ఫోన్ చేశాడు. ఏడుపు గొంతు. “నా బండి కూడా పట్టుకుపోయార్రా. మనిద్దరి మీదా ఎవడో పగబట్టాడు.”

అహరోను ఫోన్ పెట్టేశాడు. తగిన శాస్తి జరిగిందనుకున్నాడు గానీ, అనుకున్నంత హాయిగా ఏమీ లేదు.

ఆదివారాలు బేరాలెక్కువని అతను చర్చికి వెళ్లడం మానేసి ఏడాది దాటింది. ఆ లోటంతా తల్లి కనకమ్మే తీరుస్తోంది. కొడుకు ముఖం చూడగానే ఆవిడ కళ్లొత్తుకుంది.

“ఎలీషాగాడే పట్టించాడమ్మా.”

“వాడలా చెయ్యడు నాన్నా.”

“ఆ చోటు ఇంకెవరికి తెలుసు మరి?”

“ఏమో బాబూ. నిన్న ఉపవాస కూడికలో నేను లేచి నిలబడి బండి నంబరూ, గణపవరం పాకా అన్నీ వివరంగా చెప్పాను. ఎవరి కంటా పడనీయవద్దని సంఘమంతా మోకరించి ప్రార్థన చేశారు.”

“సంఘమంతానా?”

“అందరూనయ్యా. తాడేపల్లిగూడెం నుంచి కొత్తగా వచ్చినవాళ్లు కూడా. ఆ విజయ్ కుమార్ గారైతే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు.”