ఇంకోసారి చెప్పండి, మేడమ్

“పదహారు జీబీ మెమరీలో ఖాళీ మూడొందల ఎంబీయే ఉందంటున్నారు. మిషన్ ఆగిపోదా మేడమ్? ఇంకోసారి చెప్పండి” అని ఒంటివేలితో టైపు చేశాడు ఇన్నయ్య.

పక్కనే ఉన్న చైతన్య తల పట్టుకున్నాడు. “బాబాయ్, ఆవిడిప్పటికి నాలుగుసార్లు చెప్పారండి. నాక్కూడా వచ్చేసింది.”

“వచ్చేసిందిగా, ఇంక వెళ్లి టీ చెప్పు.”

ఇన్నయ్యకి అరవై రెండేళ్లు. మొన్నమొన్నటిదాకా వేట బోట్లలో ఇంజన్లు బాగుచేశాడు. చైతన్య మూడేళ్ల కిందటే ఈ ఊరొచ్చి ఫరంపేటలో సెల్ షాపు పెట్టాడు. సరదాపడి యూనిక్స్ అనే కంప్యూటర్ పాఠాల ఆన్‌లైన్ క్లాసులో చేరాడు గానీ, వారం తిరక్కుండానే మొహం మొత్తింది. ఓ సాయంత్రం రీచార్జికని వచ్చిన ఇన్నయ్య, కంప్యూటర్లో మేడమ్ పాఠం వినబడగానే బల్ల మీద కూలబడిపోయాడు. మర్నాటి నుంచి సీటు ఆయనది, తెర మీద పేరు మాత్రం చైతన్యది.

తెర మీద అంకెలే తప్ప మేడమ్ కనబడదు. గొంతు మాత్రం నిదానంగా వస్తోంది.

“చైతన్య గారూ, ‘ఫ్రీ’ అన్న గడి చూసి కంగారుపడకండి. ఒకసారి చదివిన ఫైలుని, మళ్ళీ ఎవరైనా అడుగుతారేమోనని సిస్టమ్ మెమరీలోనే ఉంచుకుంటుంది. వేరే ప్రోగ్రాముకి చోటు కావాలంటే వెంటనే వదిలేస్తుంది. అందుకే ‘అవైలబుల్’ గడి చూడాలి. అక్కడ పన్నెండు జీబీ ఉంది.”

“మనిషి కంటే నయం. మనం పట్టుకున్నది ఛస్తే వదలం” అని గొణిగాడు ఇన్నయ్య.

“అర్థమయిందిగా మరి. ఇది మూడో బ్యాచండి, ఈసారైనా పాసవ్వండి” అన్నాడు చైతన్య.

ఆ క్లాసుకో పద్ధతుంది. ఆఖరి ప్రశ్నకి సరైన జవాబు రాసినవాళ్లకి సర్టిఫికెట్టు ఇచ్చి పంపేస్తారు. రాయలేనివాళ్లు మళ్ళీ మొదటి నుంచీ ఊరికే కూర్చోవచ్చు. ఇన్నయ్య రెండుసార్లూ ఒక్క ముక్క రాయలేదు.

“కావాలనే తప్పుతున్నారా ఏంటండీ?”

“సర్టిఫికెట్టు ఏం చేసుకోనురా? వింటుంటే బాగుంటుంది. ఈ సీటు పోకుండా ఉంటే చాలు నాకు.”

ఇంతలో ఆఖరి ప్రశ్న రానే వచ్చింది. ఫ్రీ తక్కువ చూపిస్తోందని మీ ఆఫీసరు కొత్త మెమరీ కొనమంటున్నాడు, ఆయనకేం చెబుతారు?

కొనేద్దామన్నారు ఒకరు. మిషన్ ఆపి మళ్ళీ వేద్దామన్నారు ఇంకొకరు. పది నిమిషాలు గడిచినా సరైన జవాబు ఒక్కటీ లేదు.

మేడమ్ గొంతు నీరసపడింది. “ఇంతమందిలో ఒక్కరికీ ఎక్కలేదంటే, నాకు చెప్పడం రాదన్నమాట. వచ్చే బ్యాచికి ఇంకెవరినైనా చూసుకోమని చెబుతాను.”

ఇన్నయ్య కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రాస్తే తన సీటు పోతుంది. రాయకపోతే ఆ పిల్ల తనకి చేతకాదనుకుని పాఠం చెప్పడమే మానేస్తుంది. కాసేపు కీబోర్డు వంకే చూశాడు. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

“వేటకెళ్లిన బోటులో ఖాళీ ఎక్కడుంటదండీ? అడుగు పెట్టే చోటల్లా వలే. అలాగని కొత్త బోటు కొంటామా? మనిషి నడుం వాల్చాలంటే వల పక్కకి లాగుతాం, చోటొస్తది. అంతా ఖాళీగా ఉందంటే అది వేటకెళ్లని బోటండి.”

మేడమ్ ఆ జవాబుని పైకి చదవబోయి, ‘వేటకెళ్లిన బోటు’ దగ్గరే ఆగిపోయింది.

“కరెక్టు” అంది చివరికి మేడమ్. ఆ ఒక్కమాటతో క్లాసు ముగిసింది. తెర మీద పేర్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

“పోయింది బాబాయ్ సీటు” అన్నాడు చైతన్య.

“పోనీలేరా, ఆ పిల్ల మానెయ్యదుగా” అన్నాడు ఇన్నయ్య. లేవబోతుంటే, ఆయనొక్కడికే మేడమ్ దగ్గర్నుంచి ఓ మెసేజి వచ్చింది.

“ఆరేళ్ల పంతం చాలు నాన్నా, ఫోన్ చెయ్యనా?”