ఈరోజు ఈ పక్క

పొద్దున ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. నంద్యాలలో ఓ వీధిలో ఉగ్గాని, బజ్జీలు అమ్మే దెబోరా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఒక కన్ను మూకుడు మీద, ఇంకో కన్ను పార్కింగు బోర్డు మీద.

ఈ బోర్డు కొత్తది. ఇంతకుముందు ఆ స్తంభానికి ఐదు రేకులుండేవి. బేసి తేదీల్లో ఇటు, సరి తేదీల్లో అటు, ఆదివారం ఇంకోలా. అన్నీ చదివేలోపు మన బండి స్టేషన్లో ఉండేది. ఇప్పుడు కాగితంలాంటి తెర బిగించారు. రోజూ ఏడింటికి అది ఒకసారి నల్లబడి, తెల్లబడి, ఒక్క ముక్క చెబుతుంది. ‘ఈరోజు ఈ పక్క ఆపవచ్చు’, లేదంటే ‘ఈరోజు ఎదుటి పక్క’. అంతే.

ఆ వెంటనే, పక్క తప్పిన బండ్లను ఎత్తుకుపోయే వ్యాను వస్తుంది. దెబోరా భయమంతా దాని గురించే. ఆమె పొయ్యి పక్కన తాళం వేసిన స్కూటరొకటి ఉంది. ఇరవై రోజులుగా దాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎత్తి పెట్టిస్తోంది. అది పోతుందేమోనని కంటికి కునుకు లేదు.

“లేయండప్పా, ఓ చెయ్యెయ్యండి.”

తింటున్నవాళ్లు లేచారు. స్కూటరును ఎదుటి పక్కకు మోశారు. హమ్మయ్య అనుకుంది దెబోరా.

ఏడైంది. బోర్డు నల్లబడింది, తెల్లబడింది. మళ్లీ నిన్నటి అక్షరాలే వచ్చాయి. ‘ఈరోజు ఈ పక్క ఆపవచ్చు.’

 దెబోరా రోడ్డు దాటి పరిగెత్తేసరికి వ్యాను వచ్చేసింది. కానిస్టేబుల్ జకరయ్య దిగాడు.

“బోర్డు చెడిపోయింది సార్. మారల్యా.”

“చెడిపోల్యా. నిన్న ముప్పై ఒకటి, ఈ పొద్దు ఒకటి. రెండూ బేసే గదమ్మా. ఎవరిదీ బండి?”

“మా తమ్మునిది సార్. కర్నూలు ఆస్పత్రిలో ఉండాడు. కాలు ఇరిగింది.”

“ఏ ఊరు? ఏం జేస్తాడు?”

దెబోరా స్కూటరు వెనకున్న గాజుల పెట్టె వైపు చూసింది. “ఆళ్లగడ్డ సార్. గాజులమ్ముతాడు.”

“ఫోన్ జెయ్. నేను మాట్లాడతా.”

“ఫోను పగిలిపాయ సార్.”

“ఇయన్నీ స్టేషన్లో చెప్పు.”

గొలుసు తగిలించారు. దెబోరా రెండు చేతులతో స్కూటరును పట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

“ఇది లేకుంటే వాని బతుకేంది సార్? వాడొచ్చి నా బండి యాడక్కా అంటే ఏం మొగం పెట్టుకోని సూసేది?”

“అక్కా.”

అందరూ తిరిగారు. బక్కపలచని మనిషొకడు చంకకర్రతో ఆటో దిగుతున్నాడు. మోకాలి దాకా కట్టు. స్కూటరును తడిమి చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

జకరయ్య ఇద్దర్నీ చూశాడు. “గొలుసు తియ్యండప్పా” అన్నాడు. వ్యాను ఎక్కబోతూ ఆ మనిషి భుజం తట్టాడు. “ఇట్లాంటి అక్క ఉండాలంటే పెట్టి పుట్టాలప్పా.”

వ్యాను మలుపు తిరిగింది. దెబోరా అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. ప్లేటు నిండా ఉగ్గాని పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఆ పొద్దు నిన్ను 108లోకి ఎక్కిస్తాంటే ‘బండి జాగ్రత్త అక్కా’ అంటివే గాని, ఇంతకీ నీ పేరేందప్పా?” అని అడిగింది.