బరువు మోయనన్న బండి

బండ్లు తమ ఆరోగ్యం గురించి తామే చెప్పుకునే రోజులవి. అవి కాదంటే ఎవరూ కదపలేరు. ఆ ఉదయం భీమిలిలో సన్యాసిరావు తన ఎస్‌యూవీలోకి తేనెటీగల పెట్టె ఎత్తబోతుంటే అది ఆపేసింది.

"నా చాసిస్ పగిలింది. బరువు మోయను. సాయంత్రం తుక్కు యార్డుకి నేనే వెళ్ళిపోతాను."

పెట్టెల్ని చేర్చాల్సిన అరకు లోయలో పచ్చటి వలిసె పూలు విచ్చుకున్నాయి. ఇక్కడ పువ్వన్నది లేక పెట్టెల్లో తేనెటీగలు ఆకలికి మాడిపోతున్నాయి. సన్యాసిరావు బండిని బతిమాలసాగాడు.

"దాని కాళ్ళు పట్టుకోడం ఆపి కిందకి దూరు మావా," అంది భార్య పైడితల్లి.

బండే అన్నీ చెబుతుంది కదా అని వాళ్ళు ఏనాడూ కిందకి తొంగిచూడలేదు. జాకీతో ఎత్తి చూస్తే, చాసిస్‌కి, అంటే బండినంతా మోసే నిచ్చెన లాంటి ఇనప చట్రానికి, సముద్రపు ఉప్పూ ఇసుకా గడ్డకట్టి ఉన్నాయి. మంచినీళ్ళతో కడిగి, తుప్పు గీకారు. పైడితల్లి వేళ్ళతో తడుముతూ పోయింది.

"అక్కడే," అంది బండి.

అడ్డపట్టీ అతుకు దగ్గర వెంట్రుకంత పగులు. ఆమె దాన్ని వెల్డింగ్ చేసి, పైన ఇనప పలక అతికించింది. అతను వదులైన బోల్టులన్నీ బిగించి రంగు పూశాడు.

బండి గతుకుల్లో ఓ చుట్టు తిరిగొచ్చింది.

"ఎక్కించండి. అన్నీ ఎక్కించండి!"

అరకు ఘాట్ రోడ్డంతా కిర్రుమనకుండా ఎక్కేసింది. పసుప్పచ్చటి లోయలో పైడితల్లి పెట్టెల తలుపులు తీసింది. తేనెటీగలు గుంపులుగుంపులుగా పూలమీదికి ఎగిరాయి. సన్యాసిరావు తలగుడ్డ గాల్లోకి విసిరి, "గెలిచాం పైడీ!" అని లోయ దద్దరిల్లేలా అరిచాడు.